రాయ్‌పూర్ పరిసరాల్లో కొత్త తయారీ పరిశ్రమల ప్రోత్సాహం

రాయ్‌పూర్ నగరానికి ఈశాన్యంగా, పండరీ దాటాక బలౌదా బాజార్ రోడ్డు మీద వచ్చే పేట మోవా. ఇప్పుడది ఎక్కువగా ఇళ్ళు, దుకాణాలు, ఆసుపత్రులు ఉన్న ప్రాంతం. 2025 నవంబరులో నవా రాయ్‌పూర్‌లో కొత్త భవనం ప్రారంభమయ్యేదాకా ఛత్తీస్‌గఢ్ శాసనసభకు వెళ్ళే దారి ఇదే. రోడ్డు ఇంకా ముందుకు సాగి, సిమెంటు ఫ్యాక్టరీలు వరుసగా నిలిచిన బలౌదా బాజార్ జిల్లా చేరుతుంది. మోవాకు పడమటి వైపు ఉర్లా, ఉత్తరాన సిల్తరా పారిశ్రామిక వాడలు ఉన్నాయి. ఖనిజ సంపద ఉన్న వెనుకబడిన ప్రాంతంలో పరిశ్రమలు ఎలా పుడతాయో, ఎక్కడ ఆగిపోతాయో పరిశీలించడానికి ఇంతకన్నా అనువైన చోట్లు దేశంలో తక్కువ.

ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న మధ్యప్రదేశ్ నుంచి విడివడి ఏర్పడింది. బొగ్గు తవ్వకంలో ఒడిశాతో పోటీపడుతూ దేశంలో మొదటి స్థానాల్లో ఉంటుంది. తగరం ఖనిజం తీసే రాష్ట్రం దేశంలో ఇదొక్కటే. ఇనుప ఖనిజం, సున్నపురాయి, బాక్సైట్ పుష్కలంగా ఉన్నాయి. విస్తీర్ణంలో 40 శాతానికి పైగా అడవి. 2011 జనాభా లెక్కల ప్రకారం 2.55 కోట్ల జనంలో 30.6 శాతం ఆదివాసులు. గనులు, కరెంటు కలుపుకుంటే రాష్ట్ర ఆదాయంలో పరిశ్రమల వాటా దాదాపు సగం. అయినా పనిచేసేవాళ్ళలో అత్యధికులు ఇప్పటికీ వ్యవసాయం మీదే బతుకుతున్నారు. జాంజ్‌గీర్-చాంపా, మహాసముంద్ జిల్లాల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు ఇటుక బట్టీల పనికి, బస్తర్ దక్షిణ భాగం నుంచి మిర్చి ఏరడానికి తెలుగు రాష్ట్రాలకు వలస వస్తున్నాయి. ఖనిజం ఉన్నచోట పని ఎందుకు పుట్టలేదు, పుట్టించడానికి ఏం చేశారు, అందులో ఏది ఫలించింది అన్నవే ఈ వ్యాసంలోని ప్రశ్నలు.

రేవు వైపు సాగిన పట్టాలు

ఈ ప్రాంతపు సరుకు బయటికి పోయిన దారుల్లో చాలావరకు తెలుగు నేల మీదుగానే సాగాయి. బెంగాల్-నాగపూర్ రైల్వే వేసిన రాయ్‌పూర్-విజయనగరం లైను 1931లో పూర్తయింది. 1933లో విశాఖపట్నం రేవు ప్రారంభమైంది. మధ్య పరగణాల మాంగనీసును సముద్రం చేర్చడం ఆ నిర్మాణాల ముఖ్యోద్దేశాల్లో ఒకటి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దిశ మారలేదు. జపాన్‌కు ఇనుప ఖనిజం అమ్మే ఒప్పందం 1960లో కుదిరింది. దానికోసం తూర్పు కనుమలను తొలుచుకుంటూ కొత్తవలస-కిరండూల్ లైను వేశారు. బస్తర్‌లోని బైలాడిలాలో 14వ నిక్షేపం దగ్గర 1968లో తవ్వకం మొదలైంది. తవ్వేది హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎన్‌ఎండీసీ. ఇనుము 65 శాతం దాకా ఉండే ఆ మేలిరకం ఖనిజం దశాబ్దాలపాటు విశాఖ మీదుగా జపాన్, కొరియా కొలుములకు వెళ్ళింది. విశాఖ ఉక్కు కర్మాగారం కూడా బైలాడిలా ఖనిజం మీదే ఆధారపడింది. 2000ల మధ్యలో ఎస్సార్ సంస్థ 267 కిలోమీటర్ల గొట్టం వేసి, ఖనిజపు పొడిని నీళ్ళలో కలిపి కిరండూల్ నుంచి విశాఖలోని పెల్లెట్ ప్లాంటుకు పంపడం మొదలుపెట్టింది. ఇంత జరుగుతున్నా బస్తర్‌లో భారీ ఉక్కు కర్మాగారం రావడానికి 2023 దాకా పట్టింది. ఆ ఏడాది ఆగస్టులో జగదల్‌పూర్ దగ్గరి నగర్నార్‌లో, ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యంతో, ఎన్‌ఎండీసీ కొలిమి రాజుకుంది. తొలి తవ్వకానికీ దానికీ మధ్య 55 ఏళ్ళు గడిచాయి.

ఈ ఆలస్యానికి పట్టాలను మాత్రమే తప్పుపట్టలేం. 1950ల నుంచి 1990ల తొలినాళ్ళ దాకా కేంద్రం అమలు చేసిన రవాణా ఛార్జీల సమానీకరణ విధానం ఈ ప్రాంతానికి అంతకన్నా ఎక్కువ నష్టం చేసింది. ఆ విధానంలో భిలాయ్ పక్కనే కొన్నా, వెయ్యి కిలోమీటర్ల అవతల మద్రాసులో కొన్నా ఉక్కు ధర ఒకటే. దూరానికయ్యే ఖర్చు అందరి మీదా పడేది. దాంతో ఖనిజం పక్కన ఫ్యాక్టరీ పెడితే కలిసొచ్చే లాభం పోయింది. ఉక్కుతో యంత్రాలు, పరికరాలు చేసేవారు రేవులూ పెద్ద బజార్లూ ఉన్నచోటే స్థిరపడ్డారు. బీహార్, ఒడిశా, బెంగాల్‌తో పాటు నాటి మధ్యప్రదేశ్ తూర్పు జిల్లాలు కూడా ఈ నష్టాన్ని మోశాయి. ఇప్పుడు కొత్త పరిశ్రమలకు ఇస్తున్న రాయితీలను ఉదారత కింద లెక్కగట్టడం సరికాదు. నాలుగు దశాబ్దాల బాకీలో కొంత తీర్చడంగా చూడాలి.

భిలాయ్, దాని చుట్టూ

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతో భిలాయ్ ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకుంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశపు రైలు పట్టాల్లో అత్యధిక భాగం ఇక్కడ చేసినవే. ఉత్తరాంధ్ర నుంచి వేలమంది ఈ పనికి వచ్చి స్థిరపడ్డారు. భిలాయ్‌లో, రాయ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు ఇప్పటికీ గణనీయంగా ఉన్నాయి.

కొత్త పరిశ్రమల కోణంలో చూస్తే భిలాయ్ విలువ దాని సొంత ఉత్పత్తి కన్నా దాని అవసరాల్లో ఉంది. అంత పెద్ద ప్లాంటుకు పోత అచ్చులు, రోలర్లు, కన్వేయరు భాగాలు, నిర్మాణపు చట్రాలు రోజూ కావాలి. వాటిని చేసిచ్చే ప్రైవేటు ఇంజనీరింగ్ షాపులు దుర్గ్-భిలాయ్ చుట్టూ పుట్టాయి. అక్కడ పని నేర్చిన ఫిట్టర్లు, వెల్డర్లు, ఫోర్‌మన్లు తర్వాత రాయ్‌పూర్ ఫ్యాక్టరీలకు దొరికారు. ఒక పరిశ్రమ తన వెనకా ముందూ ఇతర పరిశ్రమలను లాక్కొస్తుందన్న సిద్ధాంతాన్ని ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1958లో వివరించారు. అది నిజమైన చోట్లలో దుర్గ్-భిలాయ్ ఒకటి. అదే రాష్ట్రంలోని కోర్బాలో ఆ మేరకు జరగలేదు. ప్రభుత్వ సంస్థగా 1965లో ఏర్పడిన బాల్కో అక్కడ అల్యూమినియం కరిగిస్తోంది. 2001లో అందులో 51 శాతం వాటాను రూ.551.5 కోట్లకు స్టెరిలైట్‌కు అమ్మినప్పుడు కార్మికులు 67 రోజులు సమ్మె చేశారు. అమ్మకం మంచిదా చెడ్డదా అన్న వాదన చాలాకాలం నడిచింది. కరిగిన అల్యూమినియంతో తీగలు, పాత్రలు, కిటికీ చట్రాలు చేసే చిన్న యూనిట్లు ఆ పట్నంలోనే ఎందుకు పెరగలేదన్న ప్రశ్న మాత్రం దాని వెనక మరుగునపడింది.

స్పాంజ్ ఐరన్: పాల్వంచ నుంచి సిల్తరా దాకా

రాయ్‌పూర్‌ను పారిశ్రామిక నగరంగా నిలబెట్టింది స్పాంజ్ ఐరన్. బ్లాస్ట్ ఫర్నేసుకు కోకింగ్ బొగ్గు కావాలి. అది మన దేశంలో తక్కువ, చాలావరకు దిగుమతే. స్పాంజ్ ఐరన్‌కు మామూలు బొగ్గు చాలు. ఇనుప ఖనిజపు ముక్కలను, బొగ్గును, కొద్దిగా డోలమైట్‌ను కలిపి, కొంచెం వాలుగా తిరిగే పొడవాటి గొట్టపు కొలిమిలో వెయ్యి డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేస్తారు. బొగ్గు నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఇనుము కరగకుండానే మిగిలి, లోపలంతా సన్నని రంధ్రాలతో ఉంటుంది. దాన్ని తుక్కు ఇనుముతో కలిపి ఇండక్షన్ ఫర్నేస్‌లో కరిగించి బిల్లెట్లు పోస్తారు. రోలింగ్ మిల్లులో అవే ఇళ్ళ కప్పులకు వాడే టిఎంటి కడ్డీలు, యాంగిళ్ళు, చానళ్ళు అవుతాయి. ఒక టన్ను స్పాంజ్ ఐరన్‌కు ఒకటిన్నర టన్నులకు పైగా ఖనిజం కావాలి.

ఈ పద్ధతికి దేశంలో తొలి బాట వేసింది తెలుగు ప్రాంతమే. ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో, నాటి ఖమ్మం జిల్లా పాల్వంచలో స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ 1980లో ఉత్పత్తి ప్రారంభించింది. సింగరేణి బొగ్గు లాంటి నాసిరకం బొగ్గుతోనూ పని జరుగుతుందని చూపించడమే దాని లక్ష్యం. ఏటా 30,000 టన్నుల చిన్న ప్లాంటు అది. 2010లో ఎన్‌ఎండీసీలో కలిసిపోయింది. ప్రభుత్వ డబ్బుతో పెట్టిన ఒక ప్రయోగం, మామూలు వ్యాపారి భరించగల పరిమాణంలో సాంకేతికతను నిరూపించింది. ఆ ఫలం పాల్వంచ కన్నా సిల్తరా, ఉర్లా, రాయ్‌గఢ్‌లకు ఎక్కువ దక్కింది.

1991 తర్వాత లైసెన్సుల అడ్డు తొలగింది. రాయ్‌పూర్‌లో ఇనుము, ధాన్యం, కలప వ్యాపారాల్లో డబ్బు చేసుకున్న కుటుంబాలు రోలింగ్ మిల్లులు పెట్టాయి. తర్వాత వెనక్కి జరిగి ఇండక్షన్ ఫర్నేసులు, అటుపైన స్పాంజ్ ఐరన్ కొలుములు కట్టాయి. సిల్తరాలో గోదావరి పవర్ అండ్ ఇస్పాత్, జాయస్వాల్ నెకో, రాయ్‌గఢ్‌లో జిందాల్, చాంపాలో ప్రకాశ్ ఇండస్ట్రీస్ పెద్ద పేర్లు. వాటి చుట్టూ ఉన్న వందలాది చిన్న యూనిట్లు పత్రికలకు ఎక్కవు. కొలిమి నుంచి వచ్చే వేడి వాయువుతో ఆవిరి పుట్టించి సొంత కరెంటు చేసుకోవడం, మిగిలిన మసిబొగ్గును బాయిలర్లలో మండించడం ఇక్కడి వాళ్ళు త్వరగా నేర్చుకున్నారు. ఏ విధాన పత్రమూ ముందుగా రాసిపెట్టకుండా, సరుకు దగ్గరగా ఉండి, కరెంటు చవకగా దొరికి, పెట్టుబడి స్థానికంగా ఉన్నందువల్ల పెరిగిన పరిశ్రమ ఇది. పరిశ్రమలను పెంచాలనుకునే ఏ ప్రభుత్వమైనా ముందుగా అర్థం చేసుకోవలసిన ఉదాహరణ.

దీని బలహీనతలూ అంతే స్పష్టం. ఖనిజం తమ రాష్ట్రంలోదే అయినా దీర్ఘకాలిక ఒప్పందాల కింద విదేశాలకు పోతోందని, తమకు చాలినంత దొరకడం లేదని 2000లలో ఇక్కడి తయారీదారులు పదేపదే మొరపెట్టుకున్నారు. 2014లో సుప్రీంకోర్టు 214 బొగ్గు బ్లాకుల కేటాయింపు రద్దు చేసినప్పుడు, సొంత గనిని నమ్ముకుని అప్పుచేసిన సంస్థల కాళ్ళ కింద నేల కదిలింది. రాయ్‌పూర్, రాయ్‌గఢ్‌లలో ప్లాంట్లున్న మోనెట్ ఇస్పాత్ 2017లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. 2024 జూలై చివర, కరెంటు ఛార్జీల పెంపుకు నిరసనగా చిన్న ఉక్కు యూనిట్లు ఉత్పత్తి ఆపేశాయి. ఇండక్షన్ ఫర్నేసుకు ముడిసరుకు తర్వాత అతిపెద్ద ఖర్చు కరెంటే. యూనిట్‌కు పైసల తేడాతో లాభం నష్టంగా మారుతుంది.

అన్నిటికన్నా పెద్ద భారం పొగ. దుమ్ము పట్టే యంత్రాలు ప్రతి కొలిమికీ తప్పనిసరి. కానీ వాటిని నడపడానికి కరెంటు ఖర్చవుతుంది. వాటిని ఆపేసి రాత్రిపూట పొగ వదిలే అలవాటు ఈ పరిశ్రమ మీద ఎన్నో ఏళ్ళుగా ఉన్న ఆరోపణ. సిల్తరా, ఉర్లా చుట్టుపక్కల ఊళ్ళలో నల్లని మసి చెరువుల మీద, వరి చేల మీద, ఇంటి మిద్దెల మీద పేరుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014, 2016లో వెలువరించిన గాలి కాలుష్యపు లెక్కల్లో రాయ్‌పూర్ ప్రపంచంలోనే ముందు వరుసలో కనిపించింది. పక్క ఊరి పిల్లల ఊపిరితిత్తులతో ఖర్చు మిగుల్చుకునే పరిశ్రమను ప్రోత్సహించడం అభివృద్ధి కాదు. రాయితీ అందుకునే ప్రతి కొలిమికీ నిరంతర కొలత, దాన్ని ఊరివాళ్ళు చూడగలిగే వీలు షరతుగా ఉండాలి.

విధానాలు

రాష్ట్రం తన తొలి పారిశ్రామిక విధానాన్ని 2001లో తెచ్చింది. తర్వాత 2004, 2009, 2014, 2019లలో కొత్తవి వచ్చాయి. ఇప్పుడు అమల్లో ఉన్నది 2024 నవంబరు 1 నుంచి 2030 మార్చి 31 దాకా వర్తిస్తుంది. స్థలాలు, షెడ్లు ఇచ్చే పని రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థ సీఎస్‌ఐడీసీది. పెట్టుబడి మీద సబ్సిడీ, అప్పు మీద వడ్డీ రాయితీ, విద్యుత్ సుంకం, స్టాంపు సుంకాల మినహాయింపు, రాష్ట్ర జీఎస్టీ తిరిగి చెల్లింపు, అన్ని అనుమతులకూ ఏక గవాక్షం అనే సరంజామా ప్రతి విధానంలోనూ కొద్ది తేడాలతో కనిపిస్తుంది. బ్లాకులను అభివృద్ధి స్థాయిని బట్టి వర్గాలుగా విడదీసి, వెనుకబడిన చోట ఎక్కువ రాయితీ ఇవ్వడం కూడా పాత పద్ధతే.

మారినవి రెండు. మొదటిది ఉద్యోగం మీద చూపు. రాయితీ పొందే యూనిట్‌లో నైపుణ్యం లేని పనులన్నీ, నైపుణ్యం ఉన్న పనుల్లో 70 శాతం, నిర్వహణ పదవుల్లో 40 శాతం స్థానికులకే ఇవ్వాలని 2019 విధానం చెప్పింది. 2024 విధానం లొంగిపోయిన నక్సలైట్లకు, హింసలో నష్టపోయిన కుటుంబాలకు, అగ్నివీరులకు ఉద్యోగమిస్తే అదనపు ప్రోత్సాహం ప్రకటించింది. రెండోది రంగాల ఎంపిక. ఉక్కు, సిమెంటు దాటి మందులు, బట్టలు, ఆహార పదార్థాలు, ఎలక్ట్రానిక్స్ వైపు మొగ్గింది. 2025 ఏప్రిల్‌లో నవా రాయ్‌పూర్‌లో పాలీమాటెక్ సంస్థ సెమీకండక్టర్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. కోర్బా జిల్లా కట్‌ఘోరాలో లిథియం బ్లాకు 2024లో వేలమైంది. ఆ లిథియం కూడా రాయిగానే బయటికి పోతుందా, ఇక్కడే శుద్ధి అవుతుందా అన్నది ఇప్పుడే తేల్చుకోవలసిన విషయం. నికెల్ ఖనిజం ఎగుమతిని 2020లో పూర్తిగా నిషేధించిన ఇండోనేషియాకు కరిగించే ప్లాంట్లు తరలివచ్చాయి, వాటితో పాటు బొగ్గు పొగా అడవి నష్టమూ వచ్చాయి. అలాంటి నిషేధం ఒక రాష్ట్రం చేతిలో లేదు. వేలం షరతుల్లో స్థానిక శుద్ధిని కోరడం మాత్రం ప్రభుత్వాలకు సాధ్యమే.

పెట్టుబడి పరిమాణాన్ని బట్టి సబ్సిడీ ఇస్తే అది భారీ యంత్రాలున్న, తక్కువమంది పనిచేసే ఫ్యాక్టరీకే ఎక్కువ చేరుతుంది. పదిమందితో బోల్టులు చేసే షెడ్డు యజమానికి సబ్సిడీ కన్నా అత్యవసరమైనవి వేరే ఉన్నాయి. ఫర్నేసు యజమాని ఇచ్చే ధరకే చిన్న మొత్తంలోనూ ఉక్కు దొరకాలి, అమ్మిన సరుకుకు డబ్బు వేళకు రావాలి, మొదటి ఆర్డరు ఇచ్చేవాడు ఉండాలి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం 45 రోజుల్లో బిల్లు చెల్లించాలంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్ళలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి చేయాలని మరో నిబంధన ఉంది. ఎన్‌ఎండీసీ, భిలాయ్ ఉక్కు, ఎన్‌టీపీసీ, బొగ్గు తవ్వే ఎస్‌ఈసీఎల్ వంటి భారీ కొనుగోలుదారులు నాలుగు పక్కలా ఉన్న రాష్ట్రం మరొకటి దొరకడం కష్టం. ఆ 25 శాతంలో ఎంత ఛత్తీస్‌గఢ్ షెడ్ల నుంచి వస్తోందో ఏటా శాసనసభ ముందు పెడితే, కొత్త రాయితీ ఒక్కటీ ప్రకటించకుండానే ఎన్నో యూనిట్లు నిలబడతాయి.

భూమి, కార్మికుడు

2005లో టాటా స్టీల్ బస్తర్‌లోని లోహండీగూడలో భారీ ఉక్కు ప్లాంటు కడతామని ఒప్పందం చేసుకుంది. ప్రభుత్వం 10 గ్రామాల్లో భూమి సేకరించింది. ప్లాంటు రాలేదు. 2016లో కంపెనీ తప్పుకుంది. భూమి ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. 2018లో వచ్చిన కొత్త ప్రభుత్వం దాన్ని తిరిగివ్వాలని నిర్ణయించి, 2019 ఫిబ్రవరిలో 1,707 మంది రైతులకు పత్రాలు అందించింది. సేకరించిన భూమిలో గడువులోగా ఫ్యాక్టరీ రాకపోతే రైతుకే తిరిగి చేరాలన్న సూత్రాన్ని దేశం ముందు ఉంచిన సంఘటన ఇది.

షెడ్యూల్డు ప్రాంతాల్లో చిక్కు ఇంకా లోతైనది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు, ఆ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వరాదని తీర్పిచ్చింది. 2001లో బాల్కో తీర్పులో మధ్యప్రదేశ్ భూచట్టం వేరని చెబుతూ, సమతా తీర్పు మీద సందేహాలూ వ్యక్తం చేసింది. సరిహద్దుకు ఇటొక న్యాయం, అటొక న్యాయం నడుస్తున్నాయి. భూసేకరణకు ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలనే 1996 నాటి పెసా చట్టం మాత్రం రెండు వైపులా వర్తిస్తుంది.

కార్మికుల విషయంలో ఈ ప్రాంతానికి బలమైన చరిత్ర ఉంది. రాజ్‌నంద్‌గావ్ బట్టల మిల్లులో 1920లో ఠాకూర్ ప్యారేలాల్ సింగ్ నాయకత్వాన సమ్మె జరిగింది. ఆ బెంగాల్-నాగపూర్ కాటన్ మిల్లు 2002లో మూతపడింది. భిలాయ్‌కు ఖనిజమిచ్చే దల్లీ-రాజ్‌హరాలో శంకర్ గుహా నియోగి కాంట్రాక్టు కూలీలను కూడగట్టి, మనుషుల పని తీసేయని పాక్షిక యాంత్రీకరణను ప్రత్యామ్నాయంగా ప్రతిపాదించారు. కార్మికుల చందాలతో ఆసుపత్రి కట్టించారు. భిలాయ్ ప్రైవేటు ఫ్యాక్టరీల కూలీల ఉద్యమం నడిపిస్తుండగా 1991 సెప్టెంబరు 28న ఆయన్ను కాల్చి చంపారు. ఆయన అడిగిన శాశ్వత ఉద్యోగం, బతకడానికి చాలే కూలీ ఈనాటి విధాన పత్రాల్లోని ఉపాధి అధ్యాయాలకు ఇప్పటికీ గీటురాళ్ళే.

వరి, అడవి

ఉక్కు గురించి మాట్లాడేవారు మరిచిపోయే పరిశ్రమ రైసు మిల్లు. 2024-25లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మద్దతు ధరకు దాదాపు 149 లక్షల టన్నుల ధాన్యం కొన్నది. ఆ ధాన్యాన్ని మరపట్టి బియ్యం ఇచ్చే పనితో రాష్ట్రమంతటా మిల్లులు బతుకుతున్నాయి. కానీ ప్రభుత్వ ధాన్యం మరపట్టి కూలి తీసుకునే మిల్లుకు కొత్త సరుకు చేయాలన్న ఒత్తిడి ఉండదు. తవుడు నూనె, అటుకులు, మరమరాలు, ఊకతో కరెంటు వంటివి మిల్లును తయారీ పరిశ్రమగా మారుస్తాయి. తణుకు, మిర్యాలగూడ మిల్లర్లు నడిచిన ఈ దారి రాయ్‌పూర్ మిల్లర్లకూ తెరిచే ఉంది.

అడవిలో ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు, లక్క, సారపప్పు ఏరేది ఎక్కువగా ఆదివాసీ మహిళలు. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల సహకార సమాఖ్య వాటిని కొని, కొన్నిటిని శుద్ధిచేసి ఛత్తీస్‌గఢ్ హెర్బల్స్ పేరుతో అమ్ముతోంది. గింజ తీయని చింతపండు బస్తాకూ, గింజ తీసి అచ్చుకట్టిన చింతపండుకూ ధరలో ఉన్న తేడా ఏరిన మనిషికే దక్కాలంటే శుద్ధి ఊళ్ళోనే జరగాలి. 2021లో దంతేవాడ జిల్లాలో డానెక్స్ పేరుతో మొదలైన బట్టల కుట్టు ఫ్యాక్టరీ ఇంకో రకం ప్రయత్నం. తుపాకుల మధ్య నలిగిన జిల్లాలో మహిళలు నెలజీతం మీద చొక్కాలు కుడుతున్నారు. చాంపా దసలి పట్టు, కొండగావ్ డోక్రా పోత పని తరతరాలుగా ఉన్న తయారీలే. వాటికి కావలసింది కొత్త నైపుణ్యం కాదు, నేరుగా కొనేవాళ్ళు.

చదువు, అప్పు, రోడ్డు

1956లో గనులు, లోహశాస్త్ర కళాశాలగా రూపుదిద్దుకున్న సంస్థే నేటి ఎన్ఐటీ రాయ్‌పూర్. 2016లో ఐఐటీ భిలాయ్ వచ్చింది. 2013లో యువతకు నైపుణ్య శిక్షణను హక్కుగా గుర్తిస్తూ ఛత్తీస్‌గఢ్ చట్టం చేసింది. మోవాకు ఆనుకుని ఉన్న పండరీలో 36 ఇంక్ అనే అంకుర సంస్థల కేంద్రాన్ని రాష్ట్రం నెలకొల్పింది. యాప్ చేసేవారికి ఒక గది, ఇంటర్నెట్ సరిపోతాయి. వస్తువు చేయాలనుకునే యువకుడికి లేత్, పోత, పరీక్షా యంత్రాలు గంటల లెక్కన అద్దెకు దొరికే షెడ్డు కావాలి. ఉర్లాలోనో భన్‌పురీ పారిశ్రామిక వాడలోనో అలాంటి ఉమ్మడి వర్క్‌షాపులు ఎన్ని పెడితే అంతమంది కొత్తవాళ్ళు రంగంలోకి దిగుతారు. బ్యాంకులు కూడా ఇంటి పత్రాల తాకట్టు బదులు చేతిలోని ఆర్డరును చూసి అప్పివ్వడం అలవాటు చేసుకోవాలి.

భారత్‌మాల పథకం కింద రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి దాదాపు 465 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారి నిర్మాణమవుతోంది. పాత దారి కన్నా ఇది సుమారు 130 కిలోమీటర్లు తక్కువ. విజయనగరం, విశాఖ జిల్లాల చిన్న పరిశ్రమలకు రాయ్‌పూర్ ఉక్కు చేరువవుతుంది, రాయ్‌పూర్ తయారీదారుకు సముద్రం దగ్గరవుతుంది. పరిశ్రమల గురించి ప్రకటనలు వెలువడినప్పుడల్లా పాఠకులు ఒప్పందాల మొత్తాన్ని చూసి సంతృప్తి పడవద్దు. వాటిలో ఎన్ని యూనిట్లు ఉత్పత్తి మొదలుపెట్టాయో, ఎంతమంది పేర్లు జీతాల పట్టీలో ఉన్నాయో, చుట్టుపక్కల గాలి, నీరు ఎలా ఉన్నాయో అడగాలి. 2030 మార్చిలో ఈ విధానం గడువు ముగిసేనాటికి ప్రభుత్వం జవాబు చెప్పవలసిన ప్రశ్నలు ఇవే.